చట్టం చాలకనా బండ్లు పోతున్నది?

మోటారు వాహనాన్ని యజమాని సమ్మతి లేకుండా, అక్రమంగా లాభపడాలనో అతన్ని నష్టపెట్టాలనో, అతని స్వాధీనం నుంచి కదిలిస్తే అది దొంగతనం. 1860 నాటి భారత శిక్షాస్మృతి 378వ సెక్షన్‌లోని ఈ నిర్వచనం 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోకి దాదాపు యథాతథంగా చేరింది. శిక్ష గరిష్ఠంగా మూడేళ్ల జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా బండి పోయినవాళ్ల నోట వచ్చే మొదటి మాట ఈ మూడేళ్ల గురించే. చట్టం మెతకగా ఉందనీ, దొంగ పొద్దున లోపలికి పోయి సాయంత్రానికి బయటపడుతున్నాడనీ, పదేళ్లు వేస్తే తప్ప ఈ దొంగతనాలు ఆగవనీ అంటారు. టీ అంగళ్ల నుంచి పత్రికల దాకా ఇదే అభిప్రాయం. బండి పోయినవాడి కోపంలో న్యాయముంది. బొమ్మలసత్రంలోనో నూనెపల్లెలోనో పాలు పోసి బతికేవాడికి బండి పోతే ఆ రోజు నుంచే ఆదాయం ఆగిపోతుంది, ఫైనాన్సు కంతు మాత్రం ఆగదు. అయితే ఆ కోపం చూపిస్తున్న కారణం తప్పు. చట్టంలో శిక్షకు కొదవ లేదు. ఉన్న శిక్ష దొంగ దాకా చేరకపోవడమే అసలు జబ్బు.

ముందు చట్టం ఎంత విశాలమో చూడాలి. బండిని శాశ్వతంగా సొంతం చేసుకోవాలన్న ఉద్దేశం ఉంటేనే దొంగతనమని చాలామంది అనుకుంటారు. అది ఇంగ్లండు న్యాయం. అక్కడ సరదాకు బండి తీసుకెళ్లి ఎక్కడో వదిలేసేవాళ్లు దొంగతనం నిర్వచనంలోకి రారు కాబట్టి, 1968 నాటి చట్టంలో అనుమతి లేకుండా వాహనం వాడుకోవడాన్ని విడిగా నేరం చేయాల్సి వచ్చింది. భారత చట్టానికి ఆ అవసరమే లేదు. 1952 మేలో జోధ్‌పూర్ వైమానిక శిక్షణ కేంద్రంలోని మెహ్రా అనే క్యాడెట్ మరొకరితో కలిసి అనుమతి లేకుండా హార్వర్డ్ విమానం ఎక్కి పాకిస్తాన్‌లో దిగాడు. విమానాన్ని ఉంచుకునే ఉద్దేశం తనకు లేదని వాదించాడు. కొంతసేపు వాడుకోవడానికి తీసుకున్నా, దురుద్దేశం ఉంటే అది దొంగతనమేనని సుప్రీంకోర్టు 1957లో తేల్చింది. ఆఫీసు ఫైలును ఇంటికి తెచ్చి మిత్రుడికి చూపించి, ఒకటి రెండు రోజుల్లో తిరిగి పెట్టేసిన ఉద్యోగిది కూడా దొంగతనమేనని 1962లో ప్యారేలాల్ భార్గవ కేసులో చెప్పింది. కాబట్టి నంద్యాల ఆర్టీసీ బస్టాండు దగ్గర ఎవరిదో బండి తీసుకుని మహానంది దాకా పోయి వచ్చి, పెట్రోలు అయిపోయిన చోట వదిలేసినవాడు కూడా 303వ సెక్షన్ కిందికే వస్తాడు. బండి నిలిపిన చోటు నుంచి కదిలితే చాలు, నేరం పూర్తయినట్టే.

శిక్ష మూడేళ్లే అన్నది కూడా సగం నిజం. ఒకసారి ఈ నేరానికే శిక్ష పడినవాడికి రెండోసారి శిక్ష పడితే, ఏడాదికి తగ్గని కఠిన కారాగారం తప్పదని, అది అయిదేళ్ల దాకా పోవచ్చని 303 రెండో ఉపసెక్షనే చెబుతుంది. సంహిత 13వ సెక్షన్ ఇంకా ముందుకు పోతుంది. ఆస్తి నేరాల్లో మూడేళ్లు, ఆపైన శిక్ష పడదగిన నేరానికి ఒకసారి దోషిగా తేలినవాడు మళ్లీ అలాంటి నేరమే చేస్తే పదేళ్ల వరకు జైలు, యావజ్జీవం కూడా వేయవచ్చు. ఇదేమీ కొత్తగా వచ్చింది కాదు. పాత శిక్షాస్మృతిలో 75వ సెక్షన్‌గా నూరేళ్లకు పైగా ఉన్నదే. ప్రయాణికులనో సరుకులనో చేరవేసే వాహనాన్ని దొంగిలిస్తే ఏడేళ్ల వరకు జైలు అని 305వ సెక్షన్‌లోని (బి) ఖండం 2024లో కొత్తగా చేర్చింది. ఆటో, బొలేరో, ట్రాలీ కట్టిన ట్రాక్టరు దీని కిందికి రావడంలో సందేహం లేదు. సొంతానికి తిరిగే మోటార్‌సైకిల్ వస్తుందా రాదా అన్నది కోర్టులు తేల్చాల్సిన సంగతి. అయినా రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని రోజూ ఊరూరు తిరిగే బండి సరుకు రవాణా వాహనమని దర్యాప్తు అధికారి కేసు డైరీలో రాసుకోవడానికి అడ్డేమీ లేదు. ఇక దొంగసొత్తు కొనడం, దాచడం, అమ్మిపెట్టడం 317వ సెక్షన్‌లో ఉన్నాయి. దొంగసొత్తుతో అలవాటుగా వ్యాపారం చేసేవాడికి పదేళ్లు లేదా యావజ్జీవం. ముఠా కట్టి చేస్తే 111వ సెక్షన్‌లోని వ్యవస్థీకృత నేరం. అందులో వాహన దొంగతనం పేరు పెట్టి మరీ ఉంది. దానికి కనీస శిక్షే అయిదేళ్లు, జరిమానా అయిదు లక్షలకు తగ్గదు. ఇన్ని ఉన్న చట్టాన్ని మెతక అనడం చదవకుండా తీర్పు చెప్పడమే.

మరి ఈ కఠిన శిక్షలు ఎందుకు కనబడవు? జవాబు పై వాక్యాల్లోనే ఉంది. 303లోని అయిదేళ్ల శిక్షకు ముందు ఒక శిక్ష పడి ఉండాలి. 13వ సెక్షన్‌లోని పదేళ్లకూ యావజ్జీవానికీ కూడా అంతే. మొదటి మెట్టు ఎక్కనిదే రెండో మెట్టు లేదు. పత్రికల్లో ‘పాత నేరస్థుడు’, ‘ఇరవై కేసుల్లో నిందితుడు’ అని చదివే మనిషి కోర్టు లెక్కలో చాలాసార్లు తొలిసారి నిందితుడే, ఎందుకంటే ఆ ఇరవై కేసుల్లో ఒక్కటీ శిక్ష దాకా పోలేదు. కొన్ని విచారణకే రావు, కొన్ని సాక్షులు లేక వీగిపోతాయి. మరికొన్ని రాజీతో ముగుస్తాయి. 303 కింది దొంగతనాన్ని యజమాని రాజీ చేసుకోవడానికి, నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 359వ సెక్షన్ అనుమతిస్తుంది. రాజీ కుదిరితే చట్టం దృష్టిలో నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. బండి చేతికొచ్చింది, కోర్టు చుట్టూ తిరగడం ఎందుకని యజమాని పెట్టే సంతకం, రేపు మరొకరి బండి పోయినప్పుడు ఆ దొంగను మళ్లీ కొత్తవాడిగా నిలబెడుతుంది. ఈ పరిస్థితిలో గరిష్ఠ శిక్షను మూడు నుంచి పదికి పెంచినా మారేదేమీ ఉండదు. సున్నాను ఎంత పెద్ద అంకెతో హెచ్చించినా సున్నాయే.

శిక్ష దాకా పోకపోవడానికి మొదటి కారణం రుజువు. బండి దొంగతనానికి ప్రత్యక్ష సాక్షి దాదాపు ఉండడు. రాత్రి ఇంటి ముందు నిలిపిన బండి హ్యాండిల్ లాకు ఒక్క తోపుతో విరుగుతుంది, వైర్లు డైరెక్ట్ చేస్తే ఇంజిన్ అందుకుంటుంది. ఆళ్లగడ్డ నుంచి 40వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే తెల్లవారక ముందే చాగలమర్రి దాటి మైదుకూరు, కడప వైపు, ఇటు నంద్యాల మీదుగా కర్నూలు వైపు పోవచ్చు. నంద్యాల నుంచైతే నల్లమల ఘాట్ దాటి గిద్దలూరు. తర్వాత దొరికేది బండి ఒక్కటే. ఆ బండికీ నిందితుడికీ ముడి వేసేది అతను చూపిస్తే దొరికిందన్న ఒకే ఒక్క సంగతి.

పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, దానికి సంబంధించినంత మేరకే చెల్లుతుంది. సాక్ష్య చట్టంలో 27వ సెక్షన్‌గా ఉండిన ఈ నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లో ఉంది. దాని హద్దు గీసిన తీర్పు తెలుగు నేల నుంచి లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయిన హత్య కేసులో వచ్చింది. అది 1946 నాటి పులుకూరి కొట్టయ్య కేసు. వస్తువు దాచిన చోటూ, ఆ చోటు నిందితుడికి తెలుసన్న సంగతీ మాత్రమే సాక్ష్యమవుతాయనీ, ఆ వస్తువుతో ఏం చేశాడో చెప్పిన మాటలు చెల్లవనీ ఆ తీర్పు చెప్పింది. ‘సంజీవనగర్‌లో దొంగిలించిన బండిని కంపచెట్ల వెనక దాచాను’ అని నిందితుడు చెబితే, కోర్టు ముందుకు వచ్చేది కంపచెట్ల వెనక బండి ఉందన్న ముక్క మాత్రమే. మిగతాది దర్యాప్తు పూరించాలి. నంద్యాల జిల్లాలో బండి కేసు ఓడినా గెలిచినా తీర్పులో తిరిగే చర్చ ముప్పాతిక వంతు దీని చుట్టూనే ఉంటుంది.

ఈ పూరింపు మధ్యవర్తుల నివేదికతో మొదలవుతుంది. ఆ కాగితాన్ని దగ్గరగా చూస్తే కేసు బలం తెలిసిపోతుంది. చాలాసార్లు మధ్యవర్తులు వీఆర్వోలే. వాళ్లు సంతకం పెట్టింది చెట్ల దగ్గరా, స్టేషన్‌లో బల్ల మీదా? పద్నాలుగు బండ్లు నాలుగు చోట్ల దొరికితే నాలుగు చోట్లకూ వెళ్లారా, ఒకే నివేదికలో అన్నిటినీ కలిపేశారా? ఛాసిస్ నంబరు బండి మీద చదివి రాశారా, ఆర్‌సీ చూసి దింపారా? మోటార్‌సైకిల్‌కు ఆ నంబరు సాధారణంగా హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ భాగంలో కొట్టి ఉంటుంది. ఇంజిన్ నంబరు ఇంజిన్ అడుగున, బురద పట్టే చోట. దొంగ ఆకురాయితో గీకితే ఆ చోట లోహం చుట్టుపక్కల కంటే తెల్లగా, వేలితో తడిమితే కొద్దిగా గుంటగా ఉంటుంది. నంబరు గీకేసినా లోహం లోపలి పొరలో దాని ఒత్తిడి మిగిలే ఉంటుంది. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ఆమ్లం పూసి దాన్ని మళ్లీ పైకి తేవచ్చు. ఈ పని జరిగిన కేసులో యజమాని ‘ఇది నా బండే’ అంటే దానికి విలువ. జరగని కేసులో, సీటు కవరు కుట్టు చూసి గుర్తుపట్టానన్న మాటను డిఫెన్సు న్యాయవాది రెండు ప్రశ్నల్లో కూల్చేస్తాడు. అలాంటి కవర్లు నంద్యాల ఆటోనగర్‌లో ఎన్ని కుట్టారో ఎవరికి తెలుసు?

పట్టుబడిన బండ్లను వరుసగా నిలిపి, నిందితులకు ముసుగు వేసి, విలేకరుల ముందు లెక్క చెప్పడం దర్యాప్తుకు ముగింపుగా చెలామణి అవుతోంది. ఆ ఫోటోలోని ఒక్కో బండీ ఒక్కో కేసు. ఒక్కో కేసుకూ ఒక యజమాని, ఒక ఎఫ్‌ఐఆర్, ఒక పంచనామా, ఒక అభియోగపత్రం కావాలి. ఆ రోజు చప్పట్లు కొట్టిన ఊరు రెండేళ్ల తర్వాత కోర్టులో ఏమైందని అడగదు. సురక్షా సంహిత 105వ సెక్షన్ ఇప్పుడు సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయడం తప్పనిసరి చేసింది. మొబైల్ ఫోను చాలు, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. మధ్యవర్తి ఎదురుతిరిగినా వీడియో ఎదురుతిరగదు. పదేళ్ల శిక్ష కంటే ఈ ఒక్క సెక్షన్‌ను నిజాయితీగా పాటిస్తే దొంగకు ఎక్కువ భయం.

బెయిలు గురించిన ఫిర్యాదూ ఇలాంటిదే. దొంగతనం నాన్ బెయిలబుల్ నేరం, బెయిలు మేజిస్ట్రేటు విచక్షణ. ఏడేళ్ల లోపు నేరాల్లో అవసరం లేకుండా అరెస్టు చేయవద్దని, నోటీసు ఇచ్చి పిలవాలని 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది నిజమే. అదే తీర్పు, నేరం మళ్లీ చేస్తాడన్న కారణంతో, సాక్ష్యం మాయం చేస్తాడన్న కారణంతో, రాతపూర్వకంగా అరెస్టు చేయడాన్ని ఆపలేదు. దొంగ అరవై రోజులకు బయటికి వచ్చాడంటే చాలాసార్లు అర్థం, ఆ అరవై రోజుల్లో అభియోగపత్రం కోర్టుకు చేరలేదని. ఆ గడువు దాటితే బెయిలు నిందితుడి హక్కు అవుతుంది. దాన్ని జడ్జి మెతకతనంగా ప్రచారం చేయడం జడ్జికీ చట్టానికీ అన్యాయం.

మూడేళ్లు చాలవనేవాళ్లు చివరికి పీడీ యాక్టు, అంటే నివారక నిర్బంధ చట్టం, దగ్గరికి వస్తారు. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం, ఆస్తి నేరాలు అలవాటుగా చేసేవాడిని ‘గూండా’గా చూపి విచారణ లేకుండా పన్నెండు నెలల దాకా నిర్బంధించవచ్చు. విచారణ లేదు కనుక రుజువు బెడద లేదు, అందుకే అది ఆకర్షణీయంగా కనబడుతుంది. తెలంగాణలో ఇదే చట్టాన్ని మామూలు నేరాలకు వాడినప్పుడు సుప్రీంకోర్టు 2022లో మల్లాడ శ్రీరామ్ కేసులో, 2023లో అమీనా బేగం కేసులో నిర్బంధాలను కొట్టేసింది. మామూలు చట్టంతో విచారించి శిక్షించగలిగిన నేరానికి నివారక నిర్బంధం అడ్డదారి కాకూడదని తేల్చి చెప్పింది. ఆంధ్రకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. రుజువు అక్కర్లేకుండా పుట్టుకను బట్టి దొంగలని ముద్రవేసే నేరజాతుల చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో తెలుగు కుటుంబాలు స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో తరాల తరబడి హాజరు వేయించుకున్నాయి. చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా ఆ ఊరి పేరు మీది మచ్చ పోలేదు. దొంగతనాలూ ఆగలేదు. 111వ సెక్షన్‌నైనా ఇద్దరు కుర్రాళ్లు కలిసి ఒక స్ప్లెండర్ ఎత్తుకుపోయిన కేసులో పెట్టడానికి వీలు లేదు. ముఠా ఉండాలి, గత పదేళ్లలో ఒకటికి మించి అభియోగపత్రాలు దాఖలై కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉండాలి. దానికి కూడా పునాది పాత కేసులను సరిగ్గా నడిపి ఉండడమే.

శిక్ష పెంచితే ఏమవుతుందో చరిత్రలో పరీక్ష జరిగింది. మోటారు రాకముందు వాహనమంటే గుర్రం. ఇంగ్లండులో గుర్రం దొంగతనానికి 1832 దాకా ఉరి. అప్పటి ఇంగ్లండులో దొంగతనాలు తగ్గలేదు, తగ్గింది శిక్షలు. ఇంట్లో నలభై షిల్లింగుల సొత్తు పోతే ఉరి అని ఉన్నప్పుడు, జ్యూరీలు కళ్ల ముందున్న సొత్తుకు ముప్పై తొమ్మిది షిల్లింగులని వెల కట్టి దొంగ ప్రాణం కాపాడేవి. ఫోర్జరీల వల్ల నష్టపోతున్న బ్యాంకర్లే 1830లో, ఉరి ఉన్నంత కాలం ఎవరూ దోషి అనడం లేదు, ఆ శిక్ష తీసేయండని పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. నష్టపోయినవాళ్లే శిక్ష తగ్గించమని అడిగారంటే, వాళ్లకు కావలసింది పగ కాదు, కేసు నిలబడడం. శిక్ష ఎంత కఠినం అన్నదాని కంటే ఎంత తప్పనిసరి అన్నదే నేరాన్ని ఆపుతుందని ఇటలీ పండితుడు బెకారియా 1764లోనే రాశాడు.

రెండో పరీక్ష ఇంకా దగ్గరిది, అదీ మోటార్‌సైకిళ్ల మీదే. పశ్చిమ జర్మనీలో 1980లో హెల్మెట్ లేకపోతే అక్కడికక్కడే జరిమానా మొదలుపెట్టారు. దొంగతనం చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. ఆ ఏడాది లక్షన్నర దాకా ఉన్న మోటార్‌సైకిల్ దొంగతనాలు 1986 నాటికి యాభై అయిదు వేల లోపుకు పడిపోయాయి. బండి ఎత్తుకుపోయేవాడు వెంట హెల్మెట్ తెచ్చుకోడు. హెల్మెట్ లేకుండా పోతే మొదటి కూడలిలోనే ఆపుతారు. ఆ మేరకు కార్ల దొంగతనాలు పెరిగినట్టూ కనబడలేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ఇక్కడా హెల్మెట్ తప్పనిసరి అంటుంది, వెయ్యి రూపాయల జరిమానా ఉంది. నంద్యాల టెక్కె దగ్గరా ఆళ్లగడ్డ కూడలిలోనూ రాత్రిపూట హెల్మెట్ లేని ప్రతి బండినీ ఆపి ఆర్‌సీ అడిగితే, ఆ తనిఖీ తలలనూ కాపాడుతుంది, బండ్లనూ కాపాడుతుంది.

అయితే అసలు తప్పించుకుంటున్నవాడు మరొకడున్నాడు. వాడు కొనేవాడు. దొంగ బండిని దాచుకోవడానికి దొంగిలించడు, అమ్మడానికి దొంగిలిస్తాడు. డెబ్బై వేల బండి పన్నెండు వేలకు వస్తుందంటే, ‘కాగితాలు తర్వాత ఇస్తా’ అంటే, ఎందుకో కొనేవాడికి తెలుసు. పొలం పనికే కదా, టౌనుకు తీసుకుపోను కదా అని సమాధానం చెప్పుకుంటాడు. 317వ సెక్షన్ దొంగసొత్తని తెలిసి కొన్నవాడినే కాదు, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి కూడా కొన్నవాడిని శిక్షిస్తుంది. అంత తక్కువ ధర, ఆర్‌సీ లేకపోవడం, గీకిన నంబరు, వీటిలో ప్రతి ఒక్కటీ తగిన కారణమే. దొంగతనం జరిగిన కొద్ది కాలానికే ఆ సొత్తు ఎవరి దగ్గర దొరికితే, ఎలా వచ్చిందో సంతృప్తిగా చెప్పలేని పక్షంలో, అతన్ని దొంగగానో తెలిసి తీసుకున్నవాడిగానో కోర్టు ఊహించవచ్చని సాక్ష్య అధినియమం 119వ సెక్షన్ చెబుతుంది. ఇంత బలమైన సెక్షన్ చేతిలో ఉండగా, కొన్నవాళ్లను కేసులో సాక్షులుగా చూపి వదిలేయడం వాడుకగా మారింది. ‘తెలియక కొన్నాడు పాపం’ అన్న జాలి ఊళ్లలో మామూలు మాట. ఆ జాలే దొంగకు పెట్టుబడి. పదిమంది దొంగలకు పదేళ్లు వేసినా పన్నెండు వేలకు కొనేవాడు ఉన్నంత కాలం పదకొండోవాడు వస్తాడు. కొన్నవాళ్లలో కొందరిని విచారించి శిక్ష వేయిస్తే, వాళ్ల ఊళ్లో కాగితాలు లేని బండికి బేరం పోతుంది.

ఈ బజారును పోషిస్తున్నది దొంగ బండ్లొక్కటే కాదు. సక్రమమైన బండ్లు కూడా సంతకం చేసిన ఖాళీ 29, 30 ఫారాలతో నాలుగు చేతులు మారుతున్నాయి, ఆర్‌సీ మాత్రం మొదటివాడి పేరనే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోపల అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి. పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం భారం రికార్డులో ఉన్న పాత యజమాని మీదే పడుతుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మారని మంచి బండ్లు వందల్లో తిరుగుతున్న చోట పేరు లేని దొంగ బండి ప్రత్యేకంగా కనబడదు. ఏపీ 21 నంబరు బండి వివరాలు ఎమ్‌పరివాహన్ యాప్‌లో చూడడానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం వెచ్చించకుండా బండి కొన్నవాడు తెలియక కొన్నానంటే నమ్మాల్సిన పని లేదు.

కేసు మొదట్లోనే బలహీనపడే చోటు ఇంకొకటి. బండి పోయిందని వెళితే, ‘రెండు మూడు రోజులు వెతుక్కో’ అని అర్జీ తీసుకుని పంపడం రాష్ట్రంలో చాలా చోట్ల అలవాటు. పోలీసులు తామే దర్యాప్తు చేయదగిన నేరం బయటపడితే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు లలితా కుమారి తీర్పు 2013లోనే చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు సురక్షా సంహిత 173వ సెక్షన్ కొత్తగా వీలిచ్చింది. అది మంచి మార్పు కాదు, బండి కేసులో మొదటి పద్నాలుగు రోజులే కీలకం. అదే సెక్షన్ ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వడానికీ, ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లో సంతకం పెట్టడానికీ కూడా వీలిచ్చింది. ఫిర్యాదులో బండి విలువ రాసేటప్పుడు జాగ్రత్త పడాలి. అయిదు వేల లోపు విలువైతే నేరం పోలీసులు సొంతంగా దర్యాప్తు చేయలేని జాబితాలోకి పోతుంది. పేదవాడి పాత మోపెడ్‌ను చట్టం ఇలా చిన్నచూపు చూడడం ఒక్కటే, ఈ మొత్తం విషయంలో చట్టాన్ని మార్చమని అడగాల్సిన చోటు.

దొరికిన బండి స్టేషన్ ఆవరణలో ఎండకు టైర్లు పగిలి, వానకు తుప్పు పట్టి పడి ఉండడం కూడా శిక్ష పడకపోవడంలో భాగమే. రాజీకి యజమానిని తోసేది ఈ భయమే. అలా ఉంచొద్దని, ఫోటోలు, పంచనామా, పూచీకత్తు తీసుకుని అప్పగించాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు సురక్షా సంహిత 497వ సెక్షన్ దానికి గడువే పెట్టింది. బండి కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో వివరాల పట్టిక, ఫోటోలు లేదా వీడియో, ఆపై 30 రోజుల్లో అప్పగింత ఉత్తర్వు. తర్వాత విచారణలో ఆ ఫోటోలే సాక్ష్యం. బండి ఇంట్లో ఉండగానే కేసు నడుస్తుంది. సాక్ష్యం చెప్పడానికి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో రానక్కర లేకుండా ఎలక్ట్రానిక్ పద్ధతిలో విచారించడానికి 530వ సెక్షన్ ఉంది.

బండి పోగొట్టుకున్నవారు తమ ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా అడిగి తీసుకోవాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు తెలపాలని సురక్షా సంహిత 193వ సెక్షన్ దర్యాప్తు అధికారిని ఆదేశిస్తోంది. ఫోను మెసేజీ అయినా సరే. ఆ 90 రోజులు దాటినవారు స్టేషన్‌కు వెళ్లి అడగండి, బండి దొరికినా రాజీ సంతకం పెట్టకండి, కోర్టు పిలిచిన రోజు వెళ్లి సాక్ష్యం చెప్పండి.